అరవై గ్రాముల ముద్దకు ముప్పై కిలోల కాంటా

నల్లగొండలో మా బేకరీ వంటగదిలో తెల్లవారుజామున మూడు గంటలకే పని మొదలవుతుంది. కొన్నేళ్ళ కిందట ఒక మే నెలలో, ఆ వేళకే గోడలు వేడిగా ఉన్న ఒక రోజు, నేను చాచా అని పిలిచే మా పెద్ద మాస్టర్ తీపి బన్నుల పిండికి ఉప్పు తూస్తూ నన్ను దగ్గరికి పిలిచారు. కాంటా మీద చిన్న స్టీలు గిన్నె ఉంది. గిన్నె బరువును తీసివేసి అంకెను సున్నాకు తెచ్చి, ఆయన చెంచా కొసతో కొద్దికొద్దిగా ఉప్పు వేస్తున్నారు. "బేటా, గిన్నెల ఉప్పు కండ్లకు కనవడ్తున్నది, గీ కాంటా మీద సున్నా కదుల్తలేదు. ఒకసారి సూడు" అన్నారు. నేను ఆటోలో బ్రెడ్ సర్దించే తొందరలో ఉండి, ఇంకొంచెం వేస్తే కదులుతుందని చెప్పి వెళ్ళిపోయాను. నిజంగానే కదిలింది. 75 గ్రాములు చూపగానే ఆయన ఆపి, ఆ ఉప్పును 5 కిలోల మైదాలో కలిపారు. ఆ పిండితో సుమారు 140 బన్నులు వచ్చాయి. అవి పొంగవలసినంత పొంగలేదు. నకిరేకల్ దాకా వెళ్ళినవాటిలో సగం సాయంత్రానికి తిరిగి వచ్చాయి. తీపి బన్నులో ఉప్పు తగులుతోందని, ఎవరూ రెండోది అడగడం లేదని టీ కొట్ల వాళ్ళు చెప్పి పంపారు.

మరుసటి రోజు అదే కాంటా మీద, అదే చెంచాతో, చాచా వేసినంత నెమ్మదిగా నేనే 75 గ్రాముల ఉప్పు తూచాను. ఆ గిన్నె మీద మూత పెట్టుకొని మా వీధి చివర ఉన్న అవుసుల దుకాణానికి తీసుకుపోయాను. బంగారం తూచే కాంటా మీద, గిన్నె బరువు పోను, ఆ ఉప్పు 104 గ్రాములు తూగింది. మైదాలో నూటికి ఒకటిన్నర పాళ్ళు ఉండవలసిన ఉప్పు రెండు పాళ్ళు దాటింది. తీపి బన్ను రుచిని చెడగొట్టడానికి, ఈస్ట్ పనిని మందగింపజేయడానికి అది చాలు.

ఆ కాంటా చెడిపోయి అలా చేయలేదు. తయారుచేసినవారు దానికి నేర్పిన పనినే అది చేసింది. పళ్ళెం మీద దుమ్ము పడినా, చెమ్మ చేరినా ఖాళీ కాంటా సున్నా నుండి జరిగిపోకుండా, సున్నా దగ్గర వచ్చే చిన్న చిన్న మార్పులను తనంతట తానే దిద్దుకొనే ఏర్పాటు ఎలక్ట్రానిక్ కాంటాలలో ఉంటుంది. అంకె ఒక్కసారికి 5 గ్రాముల చొప్పున మాత్రమే కదిలే, అంటే ఒక్కొక్క అడుగు 5 గ్రాములుగా లెక్కించే కాంటా మీద ఒకటి రెండు గ్రాముల ఉప్పును నెమ్మదిగా వేస్తూ పోతే, ఆ ఉప్పును అది దుమ్ముగానే భావించి ప్రతిసారీ సున్నాలో కలిపేసుకుంటుంది. తప్పు ఆ కాంటాను ఆ పనికి పెట్టిన నాది. మైదా బస్తాలు తూచడానికి ఒకటి, ఉప్పు తూచడానికి ఇంకొకటి ఎందుకని, అన్నింటికీ కలిపి 30 కిలోల కాంటా ఒక్కటే కొన్నది నేనే.

అప్పటి నుండి బేకరీ పెట్టేవారికి, హైవే మీద హోటల్ తెరిచేవారికి, హాస్టల్ వంటగది నడిపేవారికి, అడిగిన ప్రతివారికీ ఒకే మాట చెబుతున్నాను. కాంటా కొనడానికి వెళ్ళిన మనవాళ్ళు దుకాణంలో వేసే మొదటి ప్రశ్న "ఎంత దాకా తూగుతుంది?" అని. ముందు అడగవలసిన ప్రశ్న "ఎంత నుండి తూగుతుంది?" అన్నది. పిండి పనిలో ఫలితాన్ని నిర్ణయించేవి ఉప్పు, ఈస్ట్, బ్రెడ్ బూజు పట్టకుండా వేసే కాల్షియం ప్రొపియోనేట్ వంటి చిన్న బరువులు. మైదా 10 కిలోలకు 20 గ్రాములు ఎక్కువైతే ఏ నాలుకా పట్టుకోలేదు. ఈస్ట్ 20 గ్రాములు ఎక్కువైతే ఆ రోజు పని మొత్తం తలకిందులవుతుంది.

ఈ రెండవ ప్రశ్నకు జవాబు కాంటా మీదనే రాసి ఉంటుందని నాకు చాలాకాలం తెలియదు. ప్రభుత్వ ఆమోదం పొందిన ప్రతి ఎలక్ట్రానిక్ కాంటాకూ పక్కనో వెనుకనో ఒక చిన్న పలక ఉంటుంది. దాని మీద మ్యాక్స్ అని గరిష్ఠ బరువు, మిన్ అని కనిష్ఠ బరువు, ఈ అనే ఇంగ్లీషు అక్షరం పక్కన కొన్ని గ్రాములు, కోడిగుడ్డు ఆకారపు గీతలో రోమన్ అంకెలతో తరగతి ఉంటాయి. మన వ్యాపారాలలో వాడేవి దాదాపు అన్నీ మూడవ తరగతి కాంటాలు. ఆ 'ఈ' అన్నది అధికారులు కాంటాను పరీక్షించడానికి లెక్కలోకి తీసుకొనే అడుగు. మూడవ తరగతిలో కనిష్ఠ బరువు ఆ అడుగుకు 20 రెట్లు. మా 30 కిలోల కాంటా అడుగు 5 గ్రాములు కాబట్టి, దాని కనిష్ఠ బరువు 100 గ్రాములు. అంతకంటే తక్కువ బరువును దాని మీద పెడితే అంకె కనిపిస్తుంది గాని, ఆ అంకెలో ఉండే పొరపాటు, తూచే వస్తువు బరువుతో పోలిస్తే, మరీ ఎక్కువగా ఉంటుంది. మేము దాని మీద తూస్తున్న ఉప్పు 75 గ్రాములు, ఈస్ట్ 50 గ్రాములు, ఒక్కొక్క బన్ను ముద్ద 60 గ్రాములు. పలక మీద రాసి ఉన్న హద్దుకు కిందనే మా పని అంతా నడిచింది.

పొరపాటు ఎంత దాకా ఉండవచ్చో కూడా నిబంధనలలో ఉంది. మూడవ తరగతి కాంటాను తూనికలు కొలతల శాఖ పరీక్షించి కొత్తగా ముద్ర వేసేటప్పుడు, మొదటి 500 అడుగుల బరువు దాకా సగం అడుగు, అక్కడి నుండి 2,000 అడుగుల దాకా ఒక అడుగు, ఆపైన ఒకటిన్నర అడుగు తేడాను అనుమతిస్తారు. వాడకంలో ఉన్న కాంటాకు ఇది రెట్టింపు. ఈ లెక్కన 30 కిలోల కాంటా వాడకంలో, రెండున్నర కిలోల లోపు బరువుకు 5 గ్రాములు అటో ఇటో చూపినా అది నిబంధనకు లోబడి ఉన్నట్లే. నాలుగు వందల గ్రాముల బ్రెడ్డుకు మేము సుమారు 455 గ్రాముల ముద్ద పెడతాము, ఎందుకంటే కాలి, చల్లారేలోపు పదో వంతుకు పైగా బరువు నీటి ఆవిరిగా పోతుంది. ప్యాకెట్ మీద 400 గ్రాములని ముద్రించిన తరువాత, ఒక్కొక్క ప్యాకెట్‌లో మూడు శాతం, అంటే 12 గ్రాముల తేడాను మాత్రమే ప్యాకేజీ వస్తువుల నిబంధనలు ఓర్చుకుంటాయి. సగటు మాత్రం తగ్గకూడదు. ఆ 12 గ్రాములలో 5 గ్రాములను కాంటాయే తినేస్తే, పొయ్యి వేడిలో తేడాలకు, చేతి తేడాలకు ఇక మిగిలేది ఎంత? అదే 6 కిలోల కాంటా అయితే, దాని అడుగు ఒక గ్రాము కాబట్టి, అర కిలో లోపు బరువుకు వాడకంలోనూ తేడా ఒక గ్రాము దాటకూడదు.

ఇక్కడ దుకాణదారులు చెప్పే ఒక మాటకు జవాబు చెప్పాలి. ముప్పై కిలోలు తూస్తూ ఒక్కొక్క గ్రాము చూపే కాంటాలు ఉన్నాయని, రెండు కొనే ఖర్చు దేనికని వారు అంటారు. అటువంటి కాంటాలు బజారులో ఉన్న మాట నిజమే. అయితే మూడవ తరగతి కాంటాకు 10,000 అడుగులకు మించి అనుమతి లేదు. ముప్పై కిలోలను ఒక్కొక్క గ్రాముగా విడగొడితే 30,000 అడుగులవుతాయి. అది రెండవ తరగతి కాంటా అయితే తప్ప ఆ గ్రాముకు అధికారిక విలువ ఉండదు. రెండవ తరగతి కాంటాల ధర, వాటికి కావలసిన ఆలనాపాలనా వేరు; పిండి ఎగిరే బల్ల మీద పెట్టుకొనే సరుకు కాదు అది. పలక లేకుండా, ముద్ర లేకుండా గ్రాము చూపే 30 కిలోల కాంటాను చవకగా ఎవరైనా చూపిస్తే, ఆ గ్రాము తెర మీద కనిపించే అంకె మాత్రమే. నేను మొదట కొన్నది అటువంటిదే అయి ఉంటే తప్పును పట్టుకోవడం ఇంకా కష్టమయ్యేది. 5 గ్రాముల అడుగు కనీసం తన మోటుదనాన్ని దాచుకోలేదు.

కొంత బరువు దాకా 2 గ్రాములు, ఆపైన 5 గ్రాములు చూపే రెండు శ్రేణుల కాంటాలు మధ్యేమార్గం. చిన్న హోటలుకు, రోజుకు రెండు మూడు వందల చపాతీలు చేసే మెస్సుకు అవి సరిపోతాయి. ఒక్కటి గమనించుకోవాలి. మైదా, నీళ్ళు ఉన్న పెద్ద గిన్నెను అలాగే ఉంచి, అంకెను సున్నా చేసి, అందులోనే ఉప్పు వేస్తే, మొత్తం బరువును బట్టి మోటు శ్రేణిలోనే ఉండిపోయే రకాలు వాటిలో ఉన్నాయి. చిన్న దినుసులను ఎప్పుడూ వేరే గిన్నెలో తూచి పోయాలి.

బేకరీ వంటి వంటగదికి మాత్రం మూడు కాంటాలు కావాలన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. పిండికి, నీళ్ళకు 30 కిలోలది ఒకటి. (నీళ్ళను, నూనెను కూడా తూచాలనే చెబుతాను, లీటరు నూనె వెయ్యి గ్రాములు కాదని, 910 గ్రాములేనని నూనె ప్యాకెట్ మీదనే ఉంటుంది. పెళ్ళిళ్ళ వంటలలో డబ్బా కొలతతో మైదా పోసేవారిని చూస్తుంటాను. వదులుగా పోసిన డబ్బాకు, కొట్టి నింపిన డబ్బాకు ఐదో వంతు దాకా తేడా వస్తుంది.) ఉప్పుకు, ఈస్ట్‌కు, మిగతా పొడులకు 600 గ్రాముల లోపు తూచే, గ్రాములో పదో వంతు అడుగు ఉన్న చిన్నది ఒకటి. ముద్దలు తూచడానికే కేటాయించిన 3 కిలోలదో 6 కిలోలదో మూడవది. మొదటి రెండింటి ఎంపిక తేలిక. మూడవదాని దగ్గరే మనిషి చేతికి, కాంటాకు మధ్య రోజంతా నడిచే పని ఉంటుంది కాబట్టి, దానిని గురించి కొంత వివరంగా చెబుతాను.

ముద్దల కాంటాలో నేను ముందు చూసేది అంకె ఎంత త్వరగా నిలబడుతుందన్నది. ముద్ద పెట్టిన తరువాత అంకె రెండు సెకన్లు అటూ ఇటూ ఊగితే, వెయ్యి ముద్దలకు అరగంటకు పైగా పోతుంది. ఆ అరగంటలో గంగాళంలోని పిండి పొంగుతూనే ఉంటుంది. పైగా అంకె ఆలస్యంగా నిలబడే కాంటా ముందు మాస్టర్లు ఎదురుచూడరు. ఊగుతున్న అంకెను చూసి ఉజ్జాయింపుగా తీసేస్తారు, అప్పుడు కాంటా ఉండి లాభం లేదు. తరువాత చూసేది పళ్ళెం. అంచులు లేని చదునైన స్టీలు పళ్ళెం కావాలి, ఒక చేత్తో పైకి ఎత్తి కడగగలిగేలా ఉండాలి. పిండి అంటుకొన్న పళ్ళెం, మళ్ళీ సున్నా చేయకపోతే, ప్రతి ముద్దకూ ఆ పిండి బరువును కలుపుతుంది. మీటలు నూనె చేతులతో, పిండి చేతులతో నొక్కడానికి వీలుగా, పైన పొర కప్పి ఉన్నవి కావాలి. లోపలికి దుమ్ము, నీళ్ళు పోకుండా ఉండే రక్షణను ఐపీ అనే అక్షరాల పక్కన రెండు అంకెలతో తెలుపుతారు. 65 ఉంటే దుమ్ము బొత్తిగా చొరదు, చిమ్మిన నీటికి చెడిపోదు. దానికి ధర ఎక్కువ. ఆ ధర పెట్టలేనివారు తెర మీద, మీటల మీద పారదర్శకమైన కవరు తొడిగి వారానికొకసారి మార్చుకున్నా పని నడుస్తుంది. కింద రంధ్రాలకు సన్నని జాలీ బిగించుకోవడం మరిచిపోకూడదు, ఎందుకంటే పిండి వాసనకు, లోపలి వెచ్చదనానికి బొద్దింకలు అందులో కాపురం పెడతాయి. మా పాత కాంటా ఒకటి అలాగే పోయింది.

ఇంత బరువు నుండి ఇంత బరువు దాకా సరైనదని ముందే చెప్పిపెడితే, తక్కువైతే ఒక రంగు, ఎక్కువైతే ఇంకొక రంగు దీపం వెలిగే సౌకర్యం కొన్నింటిలో ఉంటుంది. నేను మొదట అది అనవసరపు హంగు అనుకున్నాను, ఇప్పుడు కొనేవారికి అది తప్పకుండా చూసుకోమని చెబుతున్నాను. అంకెను చదవడం కంటే రంగును చూడడం కంటికి తేలిక, తెల్లవారుజామున నాలుగు గంటలకు మరీ తేలిక. ఇంకొక పద్ధతి కూడా ఉంది. నాలుగైదు కిలోల పిండిని ఒకేసారి కాంటా మీద పెట్టి, సున్నా చేసి, కత్తితో కోసి తీస్తూ ఉంటే తీసినంత బరువు మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. కోసి పెట్టడం, తీయడం అనే రెండు కదలికలు ఒకటవుతాయి. బ్రెడ్ ముద్దలకు మేము ఇలాగే చేస్తాము. పిండి మొత్తం బరువు కాంటా గరిష్ఠానికి లోబడి ఉండాలి కాబట్టి 3 కిలోల కాంటా దీనికి చాలదు. ఈ ఒక్క కారణంతోనే నేను 6 కిలోలదానిని ఎంచుకున్నాను.

చేతి అంచనా ఉన్న మాస్టరుకు ఇదంతా ఎందుకు అన్న ప్రశ్న ఎదురవుతుంది. నాకు ఈ ప్రశ్న వేసినది చాచాయే. "నా చెయ్యే నా తరాజు బేటా" అన్నారు. ఆయన చేతిని నేను తక్కువ చేయను, నలభై ఏళ్ళ చేయి అది. ఆయన ఒప్పుకున్న తరువాత ఒక గంగాళం పిండిలో మొదట తీసిన ఇరవై ముద్దలను, ముప్పావు గంట తరువాత చివరన తీసిన ఇరవై ముద్దలను ఆయన ముందే తూచాను. మొదటి ఇరవైలో ఒక ముద్దకు ఇంకొక ముద్దకు రెండు గ్రాములకు మించి తేడా లేదు, సగటు 61 గ్రాములు. చివరి ఇరవైలోనూ వాటిలో వాటికి అంతే తేడా, సగటు మాత్రం 56 గ్రాములు. ఆయన చేయి అలసిపోలేదు, తప్పు చేయలేదు. గంగాళంలో పిండి పొంగుతున్నకొద్దీ అదే పరిమాణంలో బరువు తగ్గుతూ వచ్చింది. చేయి పరిమాణాన్ని నమ్మకంగా పట్టుకున్నది, బరువు జారిపోయింది. ఈ అంకెలను చూసి చాచా చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత ఆయనే, ప్రతి పదో ముద్దను కాంటా మీద పెట్టి చేతిని దిద్దుకొనే అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు మా దగ్గర బన్నులకు ఆ పద్ధతే నడుస్తున్నది. బ్రెడ్డుకు మాత్రం ప్రతి ముద్దా కాంటా ఎక్కాలి.

ఈ తేడా ఖరీదు లెక్కవేస్తే సులభంగానే తెలుస్తుంది. ఒక్కొక్క బన్నుకు 3 గ్రాములు ఎక్కువైతే, వెయ్యి బన్నులకు 3 కిలోల పిండి, అంటే 50 బన్నులు ఊరకే పోతాయి. తక్కువైతే కొన్నవారికి అన్యాయం. ఒకే ట్రేలో 55 గ్రాములదీ 65 గ్రాములదీ పక్కపక్కన ఉంటే చిన్నది మాడే వేళకు పెద్దది లోపల పచ్చిగా ఉంటుంది. ఒకేసారి 36 ముద్దలు కోసే యంత్రం కొన్నా, అందులో పెట్టే పెద్ద ముద్దను తూచి పెట్టకపోతే 36 ముద్దలూ కలిసి తప్పుతాయి.

మన ప్రాంతానికి సంబంధించిన విషయం ఒకటి కాంటా అమ్మేవారు ఎవరూ చెప్పరు. పలక మీద వేరే రాసి లేకపోతే, ఈ కాంటాలు మైనస్ 10 నుండి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య సరిగా పనిచేయడానికి ఉద్దేశించినవి. నల్లగొండలో, మిర్యాలగూడలో ఏప్రిల్, మే నెలల్లో బయటనే 43, 44 డిగ్రీలు వస్తాయి. పాలమూరు వైపూ ఎండ తక్కువేమీ కాదు. రేకుల కప్పు కింద, ఓవెన్ పక్కన ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అంటే ఏడాదిలో రెండు నెలలు, పగటిపూట, మన కాంటాలు వాటి హద్దు దాటి పనిచేస్తున్నాయి. మేము కాంటాల బల్లను ఓవెన్‌కు ఎదురు గోడకు మార్చాము. వేసవిలో తూకం పని మొత్తం ఉదయం ఎనిమిదిలోపు ముగిసేలా చూసుకుంటాము. ఆ బల్ల పిండి కలిపే మిక్సర్‌కు తగలకూడదు, ఎందుకంటే మిక్సర్ అదురు అంకెను నిలబడనివ్వదు. సీలింగ్ ఫ్యాన్ గాలి కూడా గ్రాములో పదో వంతు చూపే చిన్న కాంటాను ఊపేస్తుంది, కాబట్టి దానిని మేము మూడు వైపులా అద్దం ఉన్న చెక్క పెట్టెలో ఉంచాము. కరెంటు వచ్చీపోయే వేళల్లో బ్యాటరీ మీద నడవక తప్పదు. బ్యాటరీ అడుగంటినప్పుడు కొన్ని కాంటాల అంకెలు నమ్మదగినవి కావు, అందుకే రాత్రి పడుకొనే ముందు ఛార్జింగ్ పెట్టడం ఒక మనిషికి అప్పగించాను. తెల్లవారుజామున కాంటాను వేసిన వెంటనే తూచకుండా పది, పదిహేను నిమిషాలు ఆగాలి.

దుకాణంలో డబ్బు చెల్లించే ముందు పరీక్షించడానికి పావుగంట చాలు. కాంటాకు ఉన్న మట్టం చూపే గాజులోని బుడగ నడుమకు వచ్చేలా కాళ్ళు తిప్పి కాంటాను సమంగా నిలపాలి. ముద్ర ఉన్న బాటును, గరిష్ఠ బరువులో మూడో వంతుకు దగ్గరగా ఉన్నదానిని, పళ్ళెం నాలుగు మూలల్లోనూ పెట్టి చూడాలి, ఎందుకంటే ముద్దను ఎవరూ సరిగ్గా నడుమ పెట్టరు. అదే బాటును పదిసార్లు పెట్టి తీసి, పదిసార్లూ అదే అంకె వస్తుందా అని చూడాలి. చివరగా, మేము ఉప్పుతో పడిన పాట్లను గుర్తు పెట్టుకొని, ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి చెంచా కొసతో కొద్దికొద్దిగా ఉప్పో చక్కెరో వేసి, అంకె ఎక్కడ కదలడం మొదలవుతుందో చూడాలి. ఈ చివరి పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో నేను కొనను.

కాంటాను హైదరాబాదులో కొన్నా, ఢిల్లీ నుండి తెప్పించినా, మన వంటగదిలో పెట్టిన తరువాతనే బాట్లతో సరిచేయించాలి. ఎలక్ట్రానిక్ కాంటా కొలిచేది భూమి లాగే బలాన్ని. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ, ఎత్తు పెరిగేకొద్దీ ఆ బలం కొద్దిగా తగ్గుతుంది. ఢిల్లీలో సరిచేసిన కాంటాను మహబూబ్‌నగర్‌కు తెచ్చి అలాగే వాడితే, లెక్క ప్రకారం 10 కిలోలకు సుమారు 8 గ్రాములు తక్కువ చూపుతుంది. పిండికి అది పెద్ద తేడా కాకపోవచ్చు, బిస్కెట్లు కిలోల లెక్కన అమ్మే కౌంటరుకు మాత్రం లెక్కలోకి వస్తుంది. ఒక పళ్ళెంలో వస్తువు, ఇంకొక పళ్ళెంలో బాటు పెట్టే పాత తరాజుకు ఈ బాధ లేదు, రెండు వైపులా లాగే బలం ఒకటే కదా. మా దగ్గర 60 గ్రాముల ఇత్తడి తునకతో బన్ను ముద్దలు తూచిన పాత తరాజు ఇప్పటికీ ఉంది. కరెంటు లేని రోజున దానిని దించుతాము. ముద్ద ఎక్కువా తక్కువా అన్న ఒక్క ప్రశ్నకు అది చెప్పినంత త్వరగా ఏ తెరా చెప్పదు.

ముద్ర విషయంలో రాజీ పడవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. తూనికలు, కొలతలకు 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ఉంది, దాని కింద నిబంధనలు 2011లో వచ్చాయి. వాటి ప్రకారం ఎలక్ట్రానిక్ కాంటాకు ప్రతి 12 నెలలకు, బాట్లకు, తరాజుకు 24 నెలలకు తూనికలు కొలతల శాఖ చేత తిరిగి ముద్ర వేయించాలి. వంటగది లోపలి కాంటాకు అది దేనికని అడిగే స్నేహితులు ఉన్నారు. బ్రెడ్ కవరు మీద 400 గ్రాములని నా పేరుతో ముద్రించేటప్పుడు, ఆ మాటకు ఆధారం లోపలి కాంటాయే. తూకం మాట వస్తే మన జిల్లాలో రైతు ముఖం ఎలా మారుతుందో అందరమూ చూసినదే. వడ్లకు, పత్తికి కాంటా దగ్గర పడిగాపులు పడి, తరుగు పేరుతో కిలోలు పోగొట్టుకున్న కుటుంబంలోనే నేనూ పుట్టాను. లారీలు తూచే చోటును మనవాళ్ళు ధర్మకాంటా అని ఎందుకు పిలుచుకున్నారో ఆ వరుసలో నిలబడినవారికి తెలుస్తుంది. నా బన్ను తినేది కూడా ఆ వరుసలో నిలబడి వచ్చిన మనిషే.

ఇప్పుడు మా బల్ల మీద ఎడమ చివర 30 కిలోలది, నడుమ అద్దాల పెట్టెలో చిన్నది, కుడి చివర 6 కిలోల ముద్దల కాంటా ఉన్నాయి. గోడకు ఒక నోటుబుక్కు వేలాడుతుంది. తెల్లవారుజామున పని మొదలుపెట్టే ముందు చాచా 50 గ్రాముల బాటును చిన్న కాంటా మీద, అర కిలో బాటును ముద్దల కాంటా మీద, 5 కిలోల బాటును పెద్దదాని మీద పెట్టి, వచ్చిన అంకెలను అందులో రాయిస్తారు. పోయిన నెలలో మూడు రోజులు వరుసగా ముద్దల కాంటా అర కిలోకు 502 చూపింది. నాలుగవ రోజు పళ్ళెం ఎత్తి చూస్తే, కింది ఆధారానికి ఎండిన పిండి పెచ్చు ఒకటి అతుక్కుని, పళ్ళెం సరిగా కూర్చోకుండా ఆపుతున్నది. చాచా దానిని గోటితో గీకి తీసి, బాటును మళ్ళీ పెట్టారు. అంకె 500 దగ్గర నిలబడింది.